పేరు లేని వరుస

ఫిబ్రవరి 6

కోడలు పిల్లా,

నీ ఉత్తరం అంది వారమైంది. జవాబు ఆలస్యమైందని మూతి ముడుచుకోకు. మా కుట్టుమిషన్ల షెడ్డులో రోజూ ఉండే బట్టల పనికి తోడు లారీల మీద కప్పే టార్పాలిన్ల ఆర్డరు ఒకటి నెత్తిన పడింది. పొద్దున కటింగ్ బల్ల దగ్గర నిలబడితే సాయంత్రం హారన్ మోగేదాకా కదలనివ్వడం లేదు. ఇంటికొచ్చేసరికి కాళ్ళు ఎవరివో అనిపిస్తున్నాయి. ఫోన్ చెయ్యొచ్చు కదా అని సాధిస్తావు. షెడ్డులో ఫోన్ ఎత్తితే మిషన్ల మోతకు నేను అరవాలి, నేను అరిస్తే నలభై మంది వింటారు. మీ నాన్న మోకాలి నొప్పి సంగతి నలభై మందికి ఎందుకు? మనకు కాగితమే మేలు.

మీ ఆఫీసు వాళ్ళు వచ్చి వెళ్ళారు. పనిచేసే ఆడవాళ్ళ ఆరోగ్యం మీద సర్వే అంటూ ఇద్దరమ్మాయిలు మూడు రోజులు మా భోజనాల గదిలో బల్లేసుకుని కూర్చున్నారు. మనిషికి పన్నెండు పేజీల ఫారం. మా అన్నయ్య కూతురు మీ దగ్గరే పనిచేస్తోంది అన్నానో లేదో, నాకు కుర్చీ వేశారు. ఇరవై రెండేళ్ళ నా సర్వీసులో ఆ గదిలో నాకు కుర్చీ వేసినవాళ్ళు లేరు. అంతా నీ చలవ.

మా పిల్లల గది చూసుకునే ఆవిడ గురించి నీకెప్పుడూ రాయలేదు. నువ్వు ఊరు విడిచాక వచ్చింది. తల్లులు మిషన్ల మీద ఉన్నంతసేపూ పద్నాలుగు మంది పసివాళ్ళు ఆవిడ చేతుల్లోనే. వీపు తిప్పి పాలసీసాలు కడుగుతూ ఉంటుంది, ఏడుపు వినగానే ఎవరి బిడ్డో చెప్పేస్తుంది. నీకు రాసేటప్పుడు ఉయ్యాలమ్మ అంటాను. ఇక్కడ ఆవిణ్ణి ఎవరూ అలా పిలవరు.

ఆ ఉయ్యాలమ్మ తొమ్మిదో పేజీ దగ్గర ఆగిపోయింది. నన్ను పక్కకు పిలిచి, "అక్కా, ఇందులో రాసింది నేనే రాశానని ఎవరికైనా తెలుస్తుందా?" అని అడిగింది. "చస్తే తెలియదు. పేరున్న చీటీ కత్తిరించి బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఫారం మీద నంబరే మిగులుతుంది. మా కోడలు చేసే పనే అది. నా మాట నమ్ము" అన్నాను. నమ్మింది. కిటికీ పక్కన కూర్చుని గంటసేపు రాసింది. ఏం రాసిందో నేను చూడలేదు, అడగలేదు.

తిండి సరిగ్గా తిను. మొన్నటి ఫొటోలో మెడ ఎముకలు లెక్కపెట్టొచ్చు.

నీ మేనత్త


ఫిబ్రవరి 19

అత్తా,

నా పేరు చెప్పి కుర్చీ సంపాదించావన్నమాట. ఆఫీసులో నాకే సరైన కుర్చీ లేదు. ఒక కాలు పొట్టి, కింద పాత ఫైలు పెట్టి కూర్చుంటున్నాను.

మీ ఉయ్యాలమ్మ గారికి నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. ఫారాల కట్టలు రాగానే మొదటి పేజీ మీది చీటీని కాగితాలు కోసే కత్తితో కోసేస్తాం. చీటీలన్నీ ఇనప బీరువాలోకి వెళ్తాయి. దానికి రెండు తాళాలు. ఒకటి మా సూపరింటెండెంటు దగ్గర, ఇంకొకటి కింది అంతస్తులో మరొకాయన దగ్గర. ఇద్దరూ కలిస్తే తప్ప తెరుచుకోదు. వాళ్ళిద్దరికీ మాటల్లేవు, కాబట్టి అది ఎప్పటికీ తెరుచుకోదు. నా బల్ల మీదికి వచ్చేసరికి మనుషులు ఉండరు, నంబర్లే ఉంటాయి. ఊరు, వయసు, పని, పిల్లలు, జబ్బులు. పరిశోధన చేసేవాళ్ళ కోసం పుస్తకం చివర మనిషికొక వరుస చొప్పున అచ్చు వేస్తాం.

నీకొక సంతోషం చెప్పనా? మా దగ్గర ఒక నియమం ఉంది. ఇరవై వేల జనాభా లేని ఊళ్ళను విడిగా చూపించకూడదు. అన్నింటినీ కలిపి 'ఇతర పట్టణాలు' అని పెట్టెయ్యాలి. మన ఊరికి పందొమ్మిది వేల చిల్లరే ఉంది. ఎన్నిసార్లు చూశానో అత్తా, ప్రతి పుస్తకంలోనూ మన ఊరు ఆ 'ఇతర'లో కొట్టుకుపోతుంది. ఈసారి ఊరుకోలేదు. వంతెన అవతలి క్వార్టర్లను కూడా మన ఊరి కింద లెక్కేస్తే ఇరవై వేలు దాటుతుందని కాగితం పెట్టాను. సూపరింటెండెంటు కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి, "ఊరి మీద ఇంత మమకారమేమిటమ్మా" అంటూ సంతకం పెట్టారు. ఈసారి మన ఊరికి సొంత పేజీ ఉంటుంది. పైన ఊరి పేరు పెద్దక్షరాలతో.

మెడ ఎముకలు అలాగే ఉన్నాయి. నాన్న మోకాలి గురించి విడిగా రాయి.

నీ కోడలు


జూన్ 3

లెక్కల పిల్లా,

పుస్తకం వచ్చింది. మా యూనియన్ గదికి ఒక కాపీ పంపారు. భోజనాల వేళ దాన్ని బల్ల మీద పరిస్తే పది తలలు వంగాయి. మన ఊరి పేరు చూసి నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఇది మా కోడలు పోట్లాడి పెట్టించిన పేజీ అని అందరికీ చెప్పాను. చెప్పకుండా ఉంటానా?

ఇప్పుడు అదొక కాలక్షేపం అయింది. ఒకరు వరుస చదవడం, మిగతావాళ్ళు అదెవరో చెప్పడం. "యాభై ఎనిమిదేళ్ళు, కుట్టుపని, కాన్పులు తొమ్మిది" అనగానే అందరూ కాజాల మిషన్ ముసలావిడ వైపు తిరిగారు. ఆవిడ కొంగుతో ముఖం కప్పుకుని ఒకటే నవ్వు. "యాభై నాలుగు, కటింగ్, గురక" అన్నారు. అది నేనట. గురక అని నేను రాసిన మాట నిజమే, ఏం చెయ్యను. కడుపుబ్బ నవ్వుకున్నాం.

ఇక్కడ వేరే విశేషాలు లేవు. పిల్లల గదిలోంచి ఇద్దరు తల్లులు బిడ్డల్ని మాన్పించారు. అమ్మమ్మల దగ్గర వదులుతున్నారట. ఉన్నట్టుండి అమ్మమ్మల మీద ప్రేమ ఎందుకొచ్చిందో తెలియదు.

అత్త


జూన్ 11

నీ జవాబు కోసం ఆగలేక రాస్తున్నాను.

ఒక్క సంగతి నిజం చెప్పు. ఉయ్యాలమ్మ గురించి నువ్వు ఎవరికైనా చెప్పావా? ఆఫీసులో గానీ, గదిలో నీతో ఉండే పిల్లకు గానీ?

ఆవిడ బతుకు బజారున పడింది. ఇరవై ఏళ్ళ కిందట వేరే ఊళ్ళో ఆవిడకు బిడ్డ పుట్టి తొమ్మిదో రోజున పోయిందట. ఆ దుఃఖంలో నిద్రమాత్రలు మింగిందట. నెల పైన ఆసుపత్రిలో ఉంచారట. ఇన్నేళ్ళ స్నేహంలో నాకే తెలియని సంగతి, మొన్న చేతులు కడుక్కునే చోట ఇద్దరు చెవులు కొరుక్కుంటుంటే నా చెవిన పడింది. "అలాంటి మనిషి చేతికి పసిబిడ్డల్నెలా ఇస్తాం" అంటున్నారు. పద్నాలుగు మందికి ఇప్పుడు ఆరుగురే మిగిలారు. పిల్లలు తగ్గితే గది ఎందుకని మేనేజరు అడుగుతున్నాడు. ఆవిడకు ఉన్నదల్లా ఆ గదే.

నిన్న ఆవిడ నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. "అక్కా, మీరు చెప్పారా?" అంది. నాకే తెలియదు, నేనెలా చెబుతానన్నాను. "అయితే మీ కోడలా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. కాదని ఒట్టేసి చెప్పలేకపోయాను. నువ్వు ఆ కాగితాల మధ్య కూర్చునేదానివి.

వెంటనే రాయి.


జూన్ 16

అత్తా,

నీ ఉత్తరం చదివి ప్రాణం చివుక్కుమంది. నన్ను ఎత్తుకు పెంచినదానివి, నువ్వా ఈ ప్రశ్న అడిగేది?

నాకు పేర్లు కనిపించవని ముందే రాశాను. ఏ నంబరు ఎవరిదో నాకే కాదు, మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. బీరువా తెరుచుకోలేదు. రిజిస్టరు నేనే వెళ్ళి చూశాను. మా దగ్గర ఒక్క మాట పొక్కదు.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆవిడ తొమ్మిదో పేజీ దగ్గర ఆగిందని, గంటసేపు రాసిందని నాకు రాసింది నువ్వే. నాకు రాసినట్టే షెడ్డులో ఇంకెవరికైనా చెప్పావేమో గుర్తు తెచ్చుకో. నువ్వు మనసులో ఏదీ దాచుకునే మనిషివి కావు. అందుకే నువ్వంటే నాకు ఇష్టం, కానీ అన్ని వేళలా అది మంచిది కాదు. ఆ పాత ఊరి నుంచి ఆవిణ్ణి ఎరిగినవాళ్ళు ఎవరైనా వచ్చారేమో కూడా కనుక్కో. మా మీదికి తోసే ముందు మీ భోజనాల గదిని ఒకసారి చూసుకో.

కోడలు


జూన్ 21

మా భోజనాల గదిని చూసుకున్నాను.

దీనితో పాటు ఒక పేజీ పంపుతున్నాను. నువ్వు పోట్లాడి పెట్టించిన పేజీయే. యూనియన్ పుస్తకంలోంచి చింపాను, అడిగితే నేనే చింపానని చెబుతాను. పెన్సిలుతో గీత ఎవరు గీశారో తెలియదు, నేను తెరిచి చూసేసరికే ఉంది. చదువు.

నలభై మూడేళ్ళు. పని, పిల్లల సంరక్షణ. కాన్పులు ఒకటి, ఇరవై మూడో ఏట. బిడ్డ తొమ్మిదో రోజున పోయింది, బతికున్న పిల్లలు లేరు. ప్రాణం తీసుకునే ప్రయత్నం, అవును, నిద్రమాత్రలతో. ఆసుపత్రిలో ముప్పై ఆరు రోజులు.

నేను ఎనిమిదో తరగతి. అయినా మన ఊళ్ళో జీతానికి పసిపిల్లల్ని చూసుకునే ఆడవాళ్ళు ఎందరో లెక్కపెట్టడానికి ఒక వేలు చాలు.

పేరు లేదు, నిజమే. పేరుతో ఎవరికి పని?

అదెవరని మేము నవ్వుతూ ఆడుకున్న రోజున నా గురక తర్వాత ఏడో వరుస అది. నేను అక్కడే ఉన్నాను. ఎవరో చదివారు. ఒక్కసారిగా నవ్వులు ఆగిపోయాయి. భోజనం వేళ అయిపోయిందని ఆగారనుకున్నాను.

అత్త


జూన్ 27

అత్తా,

ముందు నిన్ను అన్న మాటలు. వాటిని వెనక్కి తీసుకునే ముఖం నాకు లేదు. నువ్వు కొట్టినా పడతాను.

పేజీ చూశాక మధ్యాహ్నమంతా పని చేయలేకపోయాను. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ఒక పని చేశాను. మన ఊరిని నియమం ప్రకారం 'ఇతర పట్టణాలు'లో కలిపి చూశాను. పిల్లల సంరక్షణ చేసే ఆడవాళ్ళు అందులో మూడు వందల పన్నెండు మంది వచ్చారు. నలభై దాటి, బిడ్డను పోగొట్టుకున్నవాళ్ళే ముప్పై ఏడుగురు. ఆ ముప్పై ఏడుగురిలో ఆవిడ ఎవరో దేవుడు కూడా చెప్పలేడు. మిగతా ముప్పై ఆరుగురినీ ఆవిడ చుట్టూ లేకుండా తీసేసింది నేను. ఊరి పేరు పెద్దక్షరాల్లో చూసుకోవాలన్న ముచ్చటతో తీసేశాను. నియమం ఎందుకు పెట్టారో నాకు తెలుసు. ట్రైనింగులో కొత్తవాళ్ళకు ఆ పాఠం చెప్పేది నేనే. మన ఊరి విషయానికి వచ్చేసరికి అది నాకు పాఠంలా కనిపించలేదు, మన ఊరికి జరిగిన అవమానంలా కనిపించింది.

ఈ ఉదయం సూపరింటెండెంటుకు అంతా రాసిచ్చాను. పుస్తకాలు వెనక్కి తెప్పిస్తున్నారు. కంప్యూటర్లో ఉన్నది తీసేశారు. కానీ ఎవరెవరు కాపీ చేసుకున్నారో ఎవరికీ తెలియదు. విచారణ వేస్తున్నారు. నష్టపోయిన మనిషి వివరాలు ఇస్తే ఆఫీసు తరఫున విచారం తెలుపుతూ ఉత్తరం పంపుతామన్నారు.

వచ్చే వారం సెలవు పెట్టి వస్తాను. ఆవిడ కాళ్ళ మీద పడతాను. తప్పు నాదని, నీది కాదని ఆవిడకు నా నోటితో చెప్పాలి.

నీ కోడలు


జూలై 4

కోడలు పిల్లా,

నువ్వు రావద్దు.

నీ మీద కోపంతో అనడం లేదు. కోపం ఉంది, అది నా దగ్గర ఉండనీ. ముందు ఇక్కడ జరిగింది విను.

సోమవారం మేనేజరు తల్లులందర్నీ పిలిచాడు. పిల్లల గదిలోనే, చాపల మీద కూర్చున్నాం. ఉయ్యాలమ్మ గోడ దగ్గర నిలబడింది. బొత్తాల మిషన్ అమ్మాయి లేచి ముఖం మీదే అడిగింది, "ఆ పుస్తకంలో ఉన్నది నువ్వేనా, కాదా, ఒక్క మాట చెప్పు" అని. ఉయ్యాలమ్మ ఆ పిల్ల వైపు చూసి, "అది నేను కాదు" అంది. తర్వాత, "తొమ్మిదేళ్ళలో మీ పిల్లల్లో ఒక్కరి ఒంటి మీద గీత పడిందా? అడగాలంటే అది అడగండి" అంది. నేను ఆవిడ చెయ్యి చూస్తున్నాను. గోడకున్న వంకెను ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ళు తెల్లబడ్డాయి. అబద్ధం అలవాటు లేని మనిషి.

సగం మంది నమ్మారు. సగం మంది నమ్మాలనుకుంటున్నారు. ముగ్గురు తల్లులు బిడ్డల్ని మళ్ళీ తెచ్చారు. ఆవిడకు ఇప్పుడు మిగిలింది ఆ అనుమానమే. అవునో కాదో అని జనం తటపటాయిస్తున్నంత కాలమే ఆవిడకు ఇక్కడ నీడ.

ఇప్పుడు చెప్పు. సర్వే ఆఫీసు పిల్ల రైలు దిగి తిన్నగా ఆవిడ గుమ్మం తొక్కి కాళ్ళు పట్టుకుంటే ఊరు ఏమనుకుంటుంది? నువ్వెవరివో ఈ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. అందరికీ చెప్పింది నేనే కదా. నువ్వు క్షమాపణ చెబితే ఆ వరుస ఆవిడదేనని ముద్ర వేసినట్టే.

మీ ఆఫీసు ఉత్తరమూ అంతే. ముద్రలున్న కవరు ఆవిడ ఇంటికి వస్తే పోస్టుమాన్ చూడడా, ఇల్లు అద్దెకిచ్చినావిడ చూడదా? పేరు గానీ, పనిచేసే చోటు గానీ ఇవ్వకు. ఎంత అడిగినా ఇవ్వకు. ఇది ఆవిడ మాట, నేను చేరవేస్తున్నాను.

తప్పు నీదేనని నేనే చెప్పాను. "మాట ఇచ్చింది మీరు కదక్కా" అంది.

అత్త


జూలై 30

అత్తా,

విచారణ నిన్న ముగిసింది.

ముగ్గురు కూర్చున్నారు. చెడ్డవాళ్ళు కారు, మంచినీళ్ళు ఇచ్చి మరీ అడిగారు. ఎవరో ఒకరిని జనం గుర్తుపట్టారని నువ్వే రాసిచ్చావు, ఆ మనిషి ఎవరు అన్నారు. తెలియదన్నాను. తెలియకుండానే రాశావా అన్నారు. తెలియదన్నాను. పేరు చెబితే ఆవిడకు న్యాయం చేస్తాం, చెప్పకపోతే ఫిర్యాదే నిలవదు, ఆలోచించుకో అన్నారు. అరగంట బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. అక్కడ కూర్చుని ఆలోచించాను. ఆవిడ అసలు పేరు నాకు తెలియకపోయినా, మీ పిల్లల గది సంగతి చెబితే చాలు, ఆవిడ పేరు ఒక ఫైల్లోకి ఎక్కుతుంది. ఆ ఫైలు నాలుగు బల్లలు దాటుతుంది. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో మనిషి చదువుతాడు. లోపలికి వెళ్ళి మళ్ళీ తెలియదన్నాను.

తీర్పు కాగితం టైపు చేసి నాకే సంతకానికి ఇచ్చారు. 'నియమోల్లంఘన జరిగినది. నష్టపోయిన వ్యక్తి ఎవరూ లేరు.' ఆ రెండో వాక్యం కింద నా సంతకం ఉంది అత్తా.

నన్ను పట్టికల విభాగం నుంచి తీసేసి కింద కాగితాల స్టోరుకు వేశారు. ఇకమీదట ఏ ఫారమూ నా చేతికి రాదు. అది సరైన పనే.

ఆవిడకు క్షమాపణ చెప్పే దారి ఒక్కటైనా ఉంటే చెప్పు. రాకూడదు, రాయకూడదు, ఆఫీసు చెప్పకూడదు. ఇంకేం చెయ్యాలో నాకు తోచడం లేదు.

నీ కోడలు


ఆగస్టు 12

నా బంగారు కోడలికి,

నీ ఉత్తరం ఆవిడకు చదివి వినిపించాను. పిల్లల గదిలో, పసివాళ్ళు నిద్రపోయే వేళ. తెలియదన్నాను అని నువ్వు రాసిన చోట చెయ్యెత్తి ఆపింది. మళ్ళీ చదవమంది. చదివాను. సంతకం దగ్గరికి వచ్చేసరికి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నిన్ను క్షమించిందా అని అడగకు. నేనూ అడగలేదు. అడిగితే అవునని అనేస్తుంది, అలాంటి మనిషి. అందుకే అడగలేదు.

పిల్లలు పదకొండు మంది దాకా వచ్చారు. గది నిలబడిందని సంతోషించాను. ఆవిడ సంతోషించలేదు. "తెచ్చి ఇస్తున్నారు అక్కా. ఇచ్చి గుమ్మం దగ్గరే నిలబడి చూస్తున్నారు. గంటకోసారి మిషన్ ఆపి వచ్చి చూసి పోతున్నారు. బిడ్డను ఎత్తుకుంటే నా చేతుల వైపే వాళ్ళ కళ్ళు" అంది. నేను గమనించాను, నిజమే. నిన్నమొన్నటి దాకా నిద్రపోతున్న బిడ్డను ఆవిడ భుజాన వేసి వెనక్కి చూడకుండా పరిగెత్తినవాళ్ళే.

పోయిన శుక్రవారం ఆవిడ ఊరు విడిచి వెళ్ళిపోయింది. ఒక పెట్టె, ఒక సంచీ. మొన్న ఆ గదిలోంచి ఏడుపు వినిపిస్తే ఎవరి బిడ్డో తెలియక మేమంతా ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నాం. గది మూశారు. తల్లులు పిల్లల్ని మిషన్ల పక్కన గుడ్డ పీలికల మీద పడుకోబెడుతున్నారు. నా కటింగ్ బల్ల కింద ఇద్దరున్నారు.

ఎక్కడికి వెళ్ళిందని నువ్వు అడుగుతావు. చెప్పను. పెద్ద ఊరు అని మాత్రం చెబుతాను. పిల్లల్ని చూసుకునే ఆడవాళ్ళు అక్కడ వందల్లో ఉంటారట, వాళ్ళలో ఒకతెగా కలిసిపోయింది. అది నువ్వుండే ఊరో, ఇంకొకటో కూడా చెప్పను. నీకు ఆవిడ ముఖం తెలియదు, తెలియకుండానే ఉండాలి. క్షమాపణ దారి అడిగావు కదా. ఎవరికి చెప్పాలో తెలియకుండా, చెప్పకుండా బతకడమే నీకు మిగిలింది. కష్టమే. నా తల్లీ, కష్టమని తెలిసే రాస్తున్నాను.

నాకు మాత్రం ఆవిడ చిరునామా తెలుసు. రైలు ఎక్కేముందు కాగితం మీద రాసి చూపించింది. బాగా చదువుకుని కాగితం తిరిగి ఇచ్చేశాను. రోజూ రాయాలనిపిస్తుంది, తిన్నదా లేదా, పని దొరికిందా లేదా అని. రాయను. కవరు మీద ఈ ఊరి పోస్టాఫీసు ముద్ర పడుతుంది.

నీ మేనత్త